నన్నెవరడిగారే?

మనవాళ్ళలో ప్రయాణమయ్యేవాళ్ళెవరూ "వెళ్తాను" అనరు. "వెళ్ళొస్తాను" అంటారు. పొరపాటున ఏ పిల్లయినా "వెళ్తానమ్మా" అని గడప దాటబోతే, మా అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, "వెళ్ళొస్తాననవే!" అని అనిపించి మరీ పంపేది. పక్కవీధి కొట్లో ఆవాలు తేవడానికి వెళ్ళినా అదే మాట, అత్తవారింటికి వెళ్ళినా అదే మాట. వెళ్ళడం ఎంత ఖాయమో, తిరిగి రావడమూ అంత ఖాయమేనని ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడమన్నమాట.

చిన్నప్పట్నించీ అంటున్నా, ఈ మాట గురించి నేనెప్పుడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఆలోచన కలిగింది విశాఖపట్నం విమానాశ్రయంలో, మా అక్కయ్య పక్కన కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, విమానం కోసం ఎదురుచూస్తున్నప్పుడు. విమానాశ్రయంలో వేదాంతమేమిటని నవ్వకండి. శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం అని పెద్దలు మూడు రకాలు చెప్పారు. పొగమంచు వల్ల విమానం రెండు గంటలు ఆలస్యమైతే కలిగే వైరాగ్యం వాళ్ళకి తెలియదు పాపం!

అది 2024 జనవరి. సంక్రాంతి వెళ్ళిన వారానికి హైదరాబాదులో మా అక్కయ్య కొడుకు గృహప్రవేశం. అక్కయ్య విజయనగరంలో ఉంటుంది, మేం విశాఖపట్నంలో. డెబ్భై రెండేళ్ళ అక్కయ్యకి మోకాళ్ళ నొప్పులు. రైల్లో రాత్రంతా కూర్చుని, పై బెర్తు వాళ్ళ చెప్పులు చూస్తూ ప్రయాణం చేసే ఓపిక లేదు. "విమానమైతే గంటన్నరలో దిగిపోతావు, పిన్నిని తోడు తీసుకురా" అని కొడుకు టిక్కెట్లు పంపించాడు. అక్కయ్యకి అదే మొదటి విమానం. అంతకుముందు విమానాన్ని చూసింది డాబా మీద వడియాలు పెడుతూ, తలెత్తి.

సామాను 15 కిలోలు దాటకూడదన్నారు. ఆ మాట వినగానే మా ఇంట్లో ఓ పంచాయితీ జరిగింది. అరిసెలు ఉంచాలా, ఆవకాయ ఉంచాలా? కోడలికి పెట్టవలసిన చీరె తీసేస్తామా, కందిపొడి తీసేస్తామా? మావారు తక్కెడ పట్టుకుని కూర్చుని, ధర్మరాజులా తీర్పులిచ్చారు. చివరికి ఆవకాయ జాడీ వెళ్ళింది, అక్కయ్య రెండో శాలువా ఆగిపోయింది. "ఫరవాలేదులే, నాకెందుకూ" అంది అక్కయ్య. ఆవిడ ఎప్పుడూ అనే మాటే కనక, ఎవరం పట్టించుకోలేదు. ఈ "నాకెందుకూ" సంగతి తరువాత చెబుతాను.

టిక్కెట్టు లేనివాళ్ళు గుమ్మం దాటకూడదు కనక, మావారు బయటే ఆగిపోయారు. మేమిద్దరం లోపలికి వెళ్ళాం. ఈ విమానాశ్రయం తీరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నేల నౌకాదళానిది. ఐ.ఎన్.ఎస్. డేగా అన్న పేరుగల వాళ్ళ వైమానిక స్థావరంలో, మన ప్రయాణికుల విమానాలకి కాస్త చోటు. అంటే, పెద్దింటివారి వాకిట్లో వాటా తీసుకుని కాపరమున్నట్టు. ఇంటివాళ్ళ వేళలూ చూసుకోవాలి, మన వేళలూ చూసుకోవాలి. 2007లో పదివేల అడుగుల పైచిలుకు రన్‌వే వచ్చింది, 2009లో ఇప్పుడున్న టెర్మినల్ భవనం వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ భవనం పైకప్పు చీలికలు పేలికలయిపోయింది. ఆ తెల్లారి మా ఇంటి డాబా మీంచి చూస్తే కైలాసగిరి మీద పచ్చని ఆకు కనిపించలేదు. మళ్ళీ కొండకి పచ్చదనమొచ్చింది, భవనానికి కప్పొచ్చింది. మనిషికి మరుపొచ్చింది.

జనవరి అంటే మా ఊరికి చుట్టాల రుతువు. హాలంతా బెంగాలీ కుటుంబాలు. మాకు పలచని చొక్కాలు చాలిన ఎండలో, వాళ్ళు పిల్లల తలలకి కోతిటోపీలు తొడిగి కూర్చున్నారు. అరకు చూసి, బొర్రా గుహలు చూసి, బీచి రోడ్డులో ఒడ్డుకి చేర్చిన కురుసుర జలాంతర్గామి లోపలికెళ్ళి చూసి, ఋషికొండ దగ్గర అలల్లో తడిసి, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూసి, ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు. పుట్టి పెరిగిన ఊరిని పై వాళ్ళు అంత మురిపెంగా చూసి వెళ్తుంటే మనకీ కాస్త గర్వంగానే ఉంటుంది. మన ఇంటి పిల్లని పెళ్ళిచూపుల్లో మెచ్చుకున్నట్టు.

ఆ గర్వంలోనే కాబోలు, అక్కయ్యతో అన్నాను. "ఇంకొన్నాళ్ళు పోతే మనం విమానమెక్కడానికి ఇక్కడికి రానక్కర్లేదే. భోగాపురంలో ఎంత పెద్దది కడుతున్నారనుకున్నావు! నీకైతే విజయనగరం నించి మరీ దగ్గర."

అక్కయ్య వెంటనే జవాబు చెప్పలేదు. కొంగు సవరించుకుని, "మొన్న బొండాల మనిషి ఏమందో గుర్తుందా నీకు?" అంది.

గుర్తు లేకపోవడమేమిటి? రెండు రోజులుగా గుండెలో చిన్న ముల్లులా ఆ మాట తిరుగుతూనే ఉంది. ప్రయాణానికి ముందు అరసవల్లి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుని వద్దామని మావారు కారులో మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్ళారు. తిరిగి వస్తూ భోగాపురం దగ్గర హైవే పక్కన కొబ్బరి బొండాలకి ఆగాం. అమ్మే ఆవిడకి యాభై అయిదేళ్ళుంటాయి. కత్తి పట్టిన చెయ్యి గురి తప్పదు. మాటల్లో తెలిసింది, కొత్త విమానాశ్రయానికి నేల పోయిన ఊళ్ళలో వాళ్ళ ఊరూ ఒకటని. ఇప్పుడు కొత్తగా కట్టిన కాలనీలో ఉంటున్నారట.

ఆ విమానాశ్రయం కథ మీరు పేపర్లలో చదివే ఉంటారు. సుమారు 2,200 ఎకరాల నేల. ఇసక నేలలు. జీడిమామిడి తోటలు, కొబ్బరి, సరుగుడు, మధ్య మధ్య ఇళ్ళు. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో మరో ముఖ్యమంత్రి మళ్ళీ శంకుస్థాపన చేశారు. ఒక పిల్లకి రెండుసార్లు నిశ్చితార్థమైనట్టు. ఏదైతేనేం, మేం వెళ్ళేనాటికి పనులు జోరుగానే సాగుతున్నాయి. లారీలు దుమ్ము రేపుకుంటూ తిరుగుతున్నాయి.

నేను ఊరుకోలేకపోయాను. మనసులో జాలి పుట్టినప్పుడు మంచి మాట ఏదో ఒకటి అనెయ్యాలనిపించడం మనలాంటివాళ్ళకి ఒక జబ్బు. "మీ ఊరివాళ్ళ త్యాగం ఊరికే పోదులే అమ్మా. మీ పేరు చెప్పుకుని ఎన్ని వేలమంది ఎగురుతారో!" అన్నాను.

ఆవిడ బొండం చెక్కడం ఆపి నా వంక చూసింది. కోపంగా కాదు. లెక్క తప్పు చెప్పిన పిల్లని పంతులమ్మ చూసినట్టు చూసింది.

"త్యాగమేటమ్మా! నానిచ్చినానేటి? నానిస్తే గదా త్యాగం. ఆళ్ళొచ్చి మా మావనడిగినారు, మా ఆయన్నడిగినారు. కాయితాల మీద సంతకాలు ఆళ్ళవే. సెట్లకి బిందెల్తో నీళ్ళు మోసింది మాత్తరం నాను. నన్నింట్లో ఎవులూ అడగనేదు."

మావారు మాట మార్చడానికి, "డబ్బులు బాగానే ముట్టాయా?" అన్నారు.

"ముట్టినాయి బాబూ, నేదనను. ఇల్లు కట్టుకున్నాం. మా కుర్రోడికి అక్కడే పని దొరికినాది. నానేటీ ఏడవడం నేదు. త్యాగం అనకండి, అంతే."

డబ్బులిచ్చి కారు దగ్గరకి వెళ్తుంటే వెనక నించి మరొక్క మాట అంది, తనలో తాను అనుకున్నట్టు. "ఊరంతా ఒక్కపాలే కదిలినాది. ఎల్లొస్తామని ఎవుల్తో సెప్పాల?"

కారులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే, నాకు కొంచెం చిన్నతనంగానూ, కొంచెం కోపంగానూ అనిపించింది. మంచి మాట అన్నాను కదా, ఒక దణ్ణం పెట్టి పుచ్చుకోవచ్చు కదా అని. ఆ కోపాన్ని ఇంటిదాకా దాచుకున్నాను.

ఇప్పుడు విమానాశ్రయంలో అక్కయ్య ఆ సంగతి ఎత్తింది.

"గుర్తుంది. మాటకి మాట బాగానే చెప్పింది" అన్నాను, పైకి తేలిగ్గా.

"నువ్వు నన్ను కూడా అలాగే అంటావు కదే" అంది అక్కయ్య.

నాకు అర్థం కాలేదు.

"నీ పెళ్ళిలో అన్నావు, నీకు ఉద్యోగం వచ్చినప్పుడన్నావు, నీ రిటైర్మెంటు సభలో మైకు పట్టుకుని మరీ అన్నావు. 'మా అక్కయ్య త్యాగమూర్తి, నా కోసం చదువు మానేసింది' అని. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. నేనెక్కడ మానేశానే? మాన్పించారు. నన్నెవరడిగారే?"

అక్కయ్య గొంతులో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 1968లో అక్కయ్య ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయ్యింది, మంచి మార్కులతో. అప్పుడే అమ్మకి జబ్బు చేసింది. ఇంట్లో మా ముగ్గురం చిన్నవాళ్ళం. నాన్నగారు బడిపంతులు. ఒక రోజు పొద్దున అక్కయ్య పొయ్యి దగ్గర కూర్చుంది, అంతే. దాని గురించి ఇంట్లో చర్చ జరిగిన గుర్తు నాకు లేదు. పదేళ్ళ తరువాత ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. చేరడానికి నేను పెట్టె సర్దుకుంటే, అందులో సున్నుండల డబ్బా పెట్టి, "జాగ్రత్తగా వెళ్ళిరా" అంది అక్కయ్యే. నేను "వెళ్ళొస్తాను" అన్నాను. ఎంచక్కా వెళ్ళాను. తన పుస్తకాలు నాకే వచ్చాయి, అట్టల మీద తన పేరుతో సహా.

అయిదు దశాబ్దాలు ఆవిడని మెచ్చుకుంటూ బతికాను. ఒక్కసారి కూడా ఆవిడని అడగలేదు, "నువ్వేం చదవాలనుకున్నావే?" అని.

విమానం రావడానికి ఇంకా గంట ఉంది. ఆ గంటలో నేను ఆలోచించినవే ఇవన్నీ.

త్యాగం అంటే ఏమిటి? తనదైనది ఉండాలి, వద్దనే వీలుండాలి, అయినా ఇవ్వాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా అది త్యాగం కాదు. మన పురాణాలు ఈ విషయంలో మనకంటే చాలా జాగ్రత్తగా ఉన్నాయి. వృత్రాసురుణ్ణి చంపడానికి దధీచి మహర్షి ఎముకలు కావలసి వచ్చాయి. దేవతలు బలవంతులే కదా, మహర్షిని పడగొట్టి తీసుకోలేకపోయారా? వెళ్ళి అడిగారు. ఆయన సరేనన్నాడు. అప్పుడు పుచ్చుకున్నారు. మరి భూమి సంగతి? భూమి కావలసి వచ్చినప్పుడు సాక్షాత్తు విష్ణుమూర్తి పొట్టి బ్రహ్మచారిగా వచ్చి, గొడుగు పట్టుకుని, బలి చక్రవర్తి ముందు చెయ్యి చాచాడు. పక్కన శుక్రాచార్యుడు "ఇవ్వకు, ఇవ్వకు" అని మొత్తుకుంటూనే ఉన్నాడు. వద్దనే వీలు బలికి ఉంది. వద్దనమని చెప్పేవాడూ ఉన్నాడు. అన్నీ తెలిసి ధార పోశాడు. కనకనే అది దానమయింది. అడిగింది మూడడుగులు, కొలిచింది మూడు లోకాలు అంటారా? అది వేరే సంగతి! అడగడమంటూ జరిగింది.

అదే ఊర్మిళ సంగతి చూడండి. సీతమ్మ తానూ వస్తానని రాముడితో వాదించింది, గెలిచి అడవికెళ్ళింది. లక్ష్మణుడు అన్నగారి వెంట వెళ్ళాడు. అది ఆయన ఇష్టం. ఊర్మిళనెవరడిగారు? వాల్మీకి ఆమెని పెళ్ళిపీటల మీద చూపించి, అక్కడితో దాదాపు మరిచిపోయాడు. మరిచిపోనివాళ్ళు మన అమ్మమ్మలు. "ఊర్మిళాదేవి నిద్ర" అని పాట కట్టుకుని, దంపుళ్ళ దగ్గరా, ఉయ్యాల దగ్గరా పాడుకున్నారు. ఆ పాటలో, పద్నాలుగేళ్ళ తరువాత వచ్చిన మొగుణ్ణి పోల్చుకోలేక, పరాయివాడనుకుని దులిపేస్తుంది ఊర్మిళ! చదువురాని ఆడవాళ్ళు కనిపెట్టారు, త్యాగం అని అందరూ పొగిడే చోట ఒక మనిషి ఉంటుందని, ఆ మనిషికి నోరుంటుందని.

మా ఊరి దగ్గరే తొట్లకొండ ఉంది. రెండువేల ఏళ్ళ కిందటి బౌద్ధ భిక్షువుల విహారం. నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం ఆకాశం నించి నేలని పరిశీలిస్తున్నప్పుడు బయటపడింది. కొండ మీద సముద్రానికి ఎదురుగా వాళ్ళ చిన్న చిన్న గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గదుల్లో ఉన్నవాళ్ళూ ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళే. కాని వాళ్ళంతట వాళ్ళు వదిలారు. కొంత దూరంలో జీడితోటలు వదిలిన ఆడమనిషి కూడా ఇల్లు వదిలింది. రెండింటికీ ఒకటే పేరు పెడితే, భిక్షువుని తక్కువ చేసినట్టూ అవుతుంది, ఈవిడకి అన్యాయం చేసినట్టూ అవుతుంది.

హైదరాబాదు నించి వచ్చాక ఈ ముక్కే మావారితో అంటే, ఆయన నవ్వారు. "అయితే అందరి దగ్గరకీ వెళ్ళి, ఒక్కొక్కరినీ అడిగి, ఒక్కరు వద్దన్నా ఊరుకోవాలంటావా? అప్పుడు రోడ్డూ రాదు, రైలూ రాదు, ఆనకట్టా రాదు. నువ్వు పొద్దున్న పట్టే కుళాయి నీళ్ళు కూడా ఎవరి నేల మునిగితేనో వచ్చినవే. ఆ విమానమెక్కి గంటన్నరలో మీ అక్కయ్యని దింపుకొచ్చింది నువ్వు కాదూ?"

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. విమానాశ్రయం వద్దని నేననను. అనే అర్హతా నాకు లేదు. అక్కయ్య మోకాళ్ళకి విమానం కావాలి. అరకు వెళ్ళే చుట్టాలకీ, వాళ్ళని నమ్ముకున్న హోటళ్ళవాళ్ళకీ, టాక్సీవాళ్ళకీ, బీచిలో బఠాణీలమ్మే కుర్రాడికీ విమానం కావాలి. మా చిన్నతనంలో అమ్మకి జబ్బు చేసినప్పుడు ఎవరో ఒకరు పొయ్యి దగ్గర కూర్చోవాలన్నదీ నిజమే. నాన్నగారు దుర్మార్గుడు కాదు. ఆయన జీతంతో నలుగురిని చదివించడం జరిగేపని కాదు. కొన్నిసార్లు తీసుకోక తప్పదు. నేలను పుచ్చుకునే చట్టం కూడా 2013లో మారింది. భూమి ఉన్నవాళ్ళనే కాక, ఆ భూమి మీద కూలిచేసుకుని బతికేవాళ్ళని కూడా నష్టపోయినవాళ్ళ కింద లెక్కించాలంది. మంచి మార్పే. ఇంకా చాలా రావాలి, కాని మంచి మార్పే.

నేను అడుగుతున్నది వేరే. తీసుకున్నవాళ్ళం, తీసుకున్నామని ఒప్పుకోకుండా, "మీరిచ్చారు" అని ఎందుకంటాం? అందులో మనకేమిటి లాభం?

లాభం ఉంది. ఆలోచించి చూడండి. "ఆమె త్యాగం చేసింది" అనగానే ఆ మనిషి దేవతైపోతుంది. దేవతకి హారతిస్తే చాలు. ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. లెక్క పూర్తయిపోయింది. అదే "ఆమె దగ్గర తీసుకున్నాం" అన్నామనుకోండి. అప్పుడది ఋణం. ఋణం తీరేదాకా మనసులో మెదులుతూనే ఉంటుంది. ఇంకా ఎంత బాకీ ఉన్నామో చూసుకోవాలనిపిస్తుంది. మనలో ఋణమన్నది ఎంత పెద్ద మాట! పుట్టుకతోనే దేవతలకి, ఋషులకి, పితృదేవతలకి బాకీ పడ్డామంటాం. ఇరుగమ్మ ఇచ్చిన కూరగిన్నె ఖాళీగా తిరిగివ్వం, ఏదో ఒకటి వేసిస్తాం. అంతటి లెక్క తెలిసిన మనం, ఇంట్లో మనుషుల దగ్గరకి వచ్చేసరికి మాత్రం పొగడ్తతో సరిపెట్టేస్తాం.

ఇంకోటి కూడా ఉంది. భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. ఆ మహానుభావుడు ఎందుకు తిరగబడ్డాడో మనం బళ్ళో చదువుకున్నాం. 1882 నాటి అడవి చట్టం కొండవాళ్ళ పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. గూడెం కొండల్లో రోడ్డు వేయడానికి గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు. రోడ్డు మంచిదే కదా! కాని రాళ్ళు మోసేది ఒకరు, దాని మీద దర్జాగా వెళ్ళేది వేరొకరు. మోసేవాణ్ణి ఎవరూ అడగలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలైన పోరాటం, 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపేదాకా సాగింది. అప్పటికాయనకి నిండా ఇరవై ఏడేళ్ళు లేవు. చావు ఎదురుగా ఉందని తెలిసి, తప్పుకునే దారి ఉండి, తప్పుకోలేదు. అదీ త్యాగమంటే. అంతటి మనిషి పేరు గుమ్మం మీద రాసుకున్న చోట, ఆ మాటని ఎక్కడ పడితే అక్కడ వాడేయకూడదనిపిస్తుంది నాకు.

ఆలోచిస్తే ప్రతి ఇంట్లోనూ ఒక రన్‌వే ఉంటుంది. దాని మీద పరుగెత్తి మిగతా అందరూ ఎగిరిపోతారు. రన్‌వే ఎక్కడికీ ఎగరదు, అక్కడే ఉంటుంది. మీ ఇంట్లో అది మీ పెద్దాడపడుచు కావచ్చు, మీ అత్తగారు కావచ్చు, ఎవరికి తెలుసు, ఈ కాగితం పట్టుకున్న మీరే కావచ్చు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక పేరు పెట్టి ఉంటారు, త్యాగమూర్తి అనో, బంగారుతల్లి అనో, భూదేవంత ఓర్పనో. ఆ పేరు తీపిగా ఉంటుంది. అందుకే కాదనడం కష్టం. మా అక్కయ్యకి కాదనడానికి యాభై ఏళ్ళు పైన పట్టింది. బొండాల మనిషి ముందు కాదని చూపించాక గాని, ఆవిడకీ ధైర్యం రాలేదేమో.

మళ్ళీ ఆ విమానాశ్రయంలోకి వద్దాం. మా విమానం వచ్చిందని పిలుపు వినిపించింది. అందరూ ఒక్కసారిగా లేచారు, విమానం తమని వదిలేసి పోతుందేమోనన్నట్టు. కోతిటోపీల పిల్లలు మా ముందు నించి పరుగెత్తారు. నేను అక్కయ్య చెయ్యి పట్టుకుని లేపాను. ఏదో ఒకటి అనాలి. "క్షమించవే" అనాలా? యాభై ఏళ్ళ బాకీకి అది మరీ చవకగా వినిపిస్తుంది. అదీ ఒక హారతే కదా. ఏమీ అనలేకపోయాను.

వరసలో నిలబడ్డాక మాత్రం అడిగాను. "నువ్వేం చదవాలనుకున్నావే అక్కయ్యా?"

ఆవిడ నా వంక ఆశ్చర్యంగా చూసింది. "ఇప్పుడెందుకే?" అంది. తరువాత, నాలుగడుగులు వేశాక, "లెక్కలు" అంది.

లెక్కలు! ఇంటి ఖర్చు పద్దులన్నీ నోటితో కూడేసే అక్కయ్య. చీటీపాటలో ఎవరికెంత రావాలో కాగితం లేకుండా చెప్పే అక్కయ్య. కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. నేనే చూడలేదు.

విమానంలోకి ఎక్కాం. మాకు రెండు సీట్లు, ఒకటి కిటికీ పక్కన, ఒకటి మధ్యలో. మామూలుగా అయితే నేను చొరవగా కిటికీ దగ్గర కూర్చుని, "నువ్విక్కడ కూర్చోవే, నీకు కళ్ళు తిరుగుతాయి" అనేదాన్ని. ఆవిడ "ఫరవాలేదులే, నాకెందుకూ" అనేది. తరువాత ఎప్పుడో నేను, "మా అక్కయ్య నాకు కిటికీ సీటు ఇచ్చేసింది, ఎంత మంచిదో!" అని చెప్పుకునేదాన్ని కూడా.

ఆగాను. దారిలో నిలబడి, వెనక జనం తోసుకుంటున్నా సరే, అడిగాను. "కిటికీ సీటు నీకు కావాలా, నేను కూర్చోనా?"

"నాకే" అంది అక్కయ్య.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాకెందుకూ" అన్నదాని నోట "నాకే" అన్న మాట వినడం నాకదే మొదటిసారి. చీరె కుచ్చెళ్ళు పట్టుకుని లోపలికి జరిగి, దర్జాగా కూర్చుంది. విమానం లేచినప్పుడు భయపడుతుందేమోనని చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ చెయ్యి అద్దం మీద ఉంది. కింద కొండలు, ఓడలు, ఎండలో తళతళలాడే సముద్రం. ఊరు చిన్నదవుతోంది.

"వెళ్ళొస్తాం" అంది అక్కయ్య, అద్దంలోంచి ఊరికి చెప్పినట్టు.

నాకు బొండాల మనిషి గుర్తుకొచ్చింది. మళ్ళీ ఆ దారిన వెళ్ళినప్పుడు ఆవిడ దగ్గర ఆగాలి. ఈసారి త్యాగం మాట ఎత్తను. మీ చెట్లు ఎలా ఉండేవి, ఏ చెట్టు బాగా కాసేదని అడుగుతాను. చెప్పాలనిపిస్తే చెబుతుంది. వద్దనిపిస్తే ఊరుకుంటుంది. ఆ వీలు కూడా ఆవిడదే.